మైకు ఆటోకి మొదటి ర్యాంకు

ఆ గురువారం ఉదయానికి నా ఆటోకి మిగిలిన పాయింట్లు నలభై ఆరు. నెలాఖరుకి నలభై కంటే తక్కువుంటే బండి అద్దానికి ఎర్ర స్టిక్కరు అంటిస్తారు. ఎర్ర స్టిక్కరు పడ్డ బండి ఆత్మకూరు ఊళ్ళోకి రాకూడదు. ఊరి బయట పెట్రోలు బంకు దగ్గరే జనాన్ని దించేసి వెనక్కి తిరగాలి. అక్కడి నుంచి ఆసుపత్రికి రెండు కిలోమీటర్లు, నీడ లేని రోడ్డు. ఆ నెలాఖరుకి ఇంకా తొమ్మిది రోజులున్నాయి.

నా పేరు సుకుమారి. ఆ పేరు విని మోసపోయిన కానిస్టేబుళ్ళు ఇద్దరు ముగ్గురున్నారు. అనంతసాగరం నుంచి ఆత్మకూరుకి పదకొండేళ్ళుగా షేర్ ఆటో నడుపుతున్నాను. మా ఆయన డేవిడ్‌రాజుకి కాలు విరిగినప్పుడు ఆర్నెల్లకని హ్యాండిల్ పట్టుకున్నాను. కాలు అతుక్కున్నాక ఆయన గొర్రెలు కొనుక్కుని వాటి వెంట పోయాడు. హ్యాండిల్ నా చేతిలోనే ఉండిపోయింది. నాకూ అదే నచ్చింది.

మా లైన్లో ఇరవై ఆరు బండ్లు. మా కట్టుబాటు ఒక్కటే: బండి నిండితేనే కదలాలి. ఎవరి తర్వాత ఎవరో తెలియడానికి స్టాండు పక్కన టీ కొట్లో ఒక బడిపలక వేలాడుతుంటుంది. పొద్దున్నే వచ్చిన వరసలో సుద్దముక్కతో పేర్లు రాసుకుంటాం. పై పేరు వాడి బండి నిండి వెళ్ళాక ఆ పేరు చెరిపేసి, కింది వాడు తన బండి ముందుకు తోసుకుంటాడు. మాలో పెద్దవాడు రమణయ్య మామ ఆ పలకకి కాపలా. ఎంత గొప్పవాడి చుట్టమైనా ఆయన దగ్గర వరస మారదు. అందుకే మా లైన్లో ఖాళీ బండి రోడ్డెక్కదు. ఒక్కో బండిలో తొమ్మిదిమందో పదిమందో ఉంటారు. బండి కాగితాల్లో ఎంతమందని రాసుందో మాత్రం నన్నడక్కండి.

మూడు నెలల కిందట ఆత్మకూరు బజారుకి కెమెరాలొచ్చాయి. బస్టాండు నుంచి ఆసుపత్రి దాకా ఆరు స్తంభాలు, ఒక్కోదాని నెత్తిన రెండేసి కెమెరాలు. ఊళ్ళో బండ్ల రద్దీ తగ్గించడానికట. పథకం పేరు దారిమిత్ర. ఏదో కంపెనీ వాళ్ళు వచ్చి, ఊరి పెద్దల్ని కొందరిని కమిటీగా కూర్చోబెట్టి, తెర మీద బొమ్మలు చూపించి వెళ్ళారు. ప్రతి ఆటోకీ, మోటార్ సైకిలుకీ ఒక ట్యాగు, ప్రతి డ్రైవరు ఫోన్లో ఒక యాప్. నెల మొదట్లో ప్రతి బండికీ నూరు పాయింట్లు, అంతకు మించి పెరగవు. ముందు దారి ఖాళీగా ఉండి కూడా బజారులో నిమిషం దాటి ఆగితే ఒక పాయింటు కోత. ఎక్కడా ఆగకుండా బజారు దాటితే ఐదు పాయింట్లు బహుమానం. మోటార్ సైకిళ్ళ వాళ్ళకి ఆ పాయింట్ల మీద బట్టల కొట్లో, చెప్పుల కొట్లో తగ్గింపు. ఆటోల్లో నెలకి మొదట వచ్చినవాళ్ళకి స్టేజీ మీద శాలువా. ఆ మీటింగుకి మమ్మల్ని కూడా పిలిచి చప్పట్లు కొట్టించారు. నేనూ కొట్టాను. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే చిరాకు.

బజారులో ఆగడమే మా బతుకు. టీచర్లు స్కూలు దగ్గర దిగాలి, పాలక్యాన్లు హోటలు దగ్గర దిగాలి, అర్జీలు పట్టుకొచ్చినవాళ్ళు ఆఫీసు దగ్గర దిగాలి. అన్నిటికంటే ముందు రామసుబ్బమ్మ ఆసుపత్రి దగ్గర దిగాలి. ఆమెకి డెబ్బై రెండేళ్ళు. షుగరు వల్ల ఎడమ కాలికి పుండు పడి మానడం లేదు. వారానికి మూడుసార్లు కట్టు మార్పించుకోకపోతే కాలే తీసెయ్యాల్సి వస్తుందని డాక్టరు చెప్పాడు. ఆమె దిగడానికి మూడు నిమిషాలు పడుతుంది. ముందు సంచి, తర్వాత కర్ర, తర్వాత మంచికాలు, ఆ తర్వాత నా భుజం పట్టుకుని కట్టు కట్టిన కాలు. ఆసుపత్రి ముందున్న కెమెరా వారానికి మూడుసార్లు ఇదంతా చూసి, వచ్చిన ప్రతిసారీ ఒక పాయింటు కోసేసేది.

ఆ సంగతి ఆమె చెవిన కూడా పడింది.

"నా వల్ల నీకు మార్కులు పోతుండాయంట గదా సుకుమారీ," అంది ఆ గురువారం నా భుజం పట్టుకుని. "ఇకమీదట నన్ను బంకు కాడ దించెయ్. మెల్లగా నడిచి పోతాలే."

"నువ్వు నడిస్తే సాయంత్రానికి చేరతావు అవ్వా. అప్పటికి డాక్టరు ఇంటికి పోయుంటాడు. గమ్మునుండు," అన్నాను.

ఆమెని లోపల కూర్చోబెట్టి తిన్నగా దారిమిత్ర ఆఫీసుకి పోయాను. రెండు గదులు, ఒక పెద్ద తెర, ఒక ఏసీ. లోపల ఉన్న ఇంజనీరు చంద్రమోహన్‌కి పాతికేళ్ళుంటాయేమో. ఉదయగిరి వైపు కుర్రాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు, కుర్చీ వేశాడు. మర్యాదలో వంక పెట్టడానికేం లేదు. తెర మీద బజారంతా గీతలు, వాటి మీద చుక్కలు పాకుతున్నాయి.

"అదో, ఆ నారింజ రంగు చుక్క నువ్వే అక్కా. ఇంకో ఏడు పోతే ఎరుపు అయిపోతావు," అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఆపుకుని అడిగాను. "అబ్బయ్యా, ఫస్టు ర్యాంకు ఎవురిది?"

జాబితా పైకి జరిపాడు. నూటికి తొంభై ఎనిమిది పాయింట్లు. పక్కన బండి నంబరు. ఆ నంబరు చూసి ముందు నమ్మలేదు, మళ్ళీ చదివాను. అది మా చర్చి జోసెఫ్ బండి. నెత్తిన రెండు మైకులు కట్టుకుని, 'ఆగకండి, కదలండి, దారిమిత్రతో సాగండి' అని రికార్డు వేసుకుంటూ పొద్దున్నించి సాయంత్రం దాకా బజారులో గుండ్రంగా తిరిగే ప్రచారపు ఆటో. ఈ పథకం వాళ్ళే మాట్లాడుకుని పెట్టుకున్న బండి.

"దాంట్లో ఒక్క మనిషన్నా ఎక్కినాడా మూణ్ణెల్లలో?"

"అది మిషన్‌కి తెలవదక్కా. బండి ఆగిందా, కదిలిందా, అంతే చూస్తాది. లోపల ఎవురుండేదీ దానికి కనపడదు."

"నా బండిలో పదిమంది వస్తారు. ఆ పదిమందీ తలా ఒక బండేసుకుని బజారులోకి వస్తే అప్పుడేంది నీ మిషన్ పరిస్థితి?"

చంద్రమోహన్ నవ్వాడు. వెక్కిరింపు కాదు, నిజంగానే నవ్వొచ్చింది అతనికి. "అట్టెందుకొస్తారక్కా?" అన్నాడు.

ఆ మాట నాతోపాటే బండెక్కి ఇంటికొచ్చింది.

ఆదివారం ఆరాధన అయ్యాక జోసెఫ్ చెప్పులేసుకుంటూ నా దగ్గరికొచ్చాడు. తల ఎత్తడం లేదు. "అక్కా, నాకు శాలువా కప్పుతారంట. నీకు ఎర్ర స్టిక్కరంట. నాకే సిగ్గుగా ఉండాది. మూణ్ణెల్లుగా నా బండి ఎక్కింది ఆ మైకొక్కటే."

"నువ్వు చేసిన తప్పేముంది? ఆగొద్దన్నారు, ఆగలా. మంచి డ్రైవరువి," అన్నాను. అంటూ ఉండగానే నాకు తట్టింది. మేమందరం ఆ మంచి డ్రైవర్లమే అయితే? మా ఇరవై ఆరుమందిమీ జోసెఫ్‌లాగా నడిపితే?

ఆ మధ్యాహ్నమే స్టాండులో అందర్నీ పోగు చేశాను, జోసెఫ్‌ని కూడా రమ్మన్నాను. మా లైన్లోని చంద్రశేఖర్ స్ట్రైకు చేద్దామని అప్పటికే వారంగా ఎగురుతున్నాడు. అతని పాయింట్లు ముప్పై తొమ్మిది, ఎర్ర స్టిక్కరు పడేవాళ్ళలో మొదటి పేరు అతనిదే.

"స్ట్రైకు చేస్తే బండ్లు పట్టుకుపోయి స్టేషన్‌లో పెడతారు," అన్నాను. "మనం తప్పేం చెయ్యొద్దు. రేపు సోమవారం వాళ్ళ రూలు తు.చ. తప్పకుండా పాటిద్దాం. నిండేదాకా నిలబడొద్దు. బజారులో ఎవురికోసమూ ఆగొద్దు. జోసెఫ్ మాదిరి తిరగతానే ఉందాం. రూలు పాటించినందుకు ఎవురైనా కేసు రాస్తారా?"

ముందు చంద్రశేఖర్ పగలబడి నవ్వాడు. ఆ నవ్వు ఒకరి నుంచి ఒకరికి పాకింది. రమణయ్య మామ మాత్రం నవ్వలేదు. పలక కిందికి దించి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఒక మాట," అన్నాడు. "నూట ఎనిమిది అంబులెన్సు వచ్చిందంటే మాత్రం పాయింట్లు పోయినా సరే, పక్కకు తియ్యాల. అట్టయితేనే."

అందరం సరేనన్నాం. మామ భుజం మీది తువ్వాలు తీసి, పలక మీది పేర్లన్నీ ఒక్క తుడుపుతో తుడిచేశాడు. పదకొండేళ్ళలో ఆ పలక ఖాళీగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు. ఆలోచన నాదే అయినా, సుద్దముక్క తీసి నా పేరు మళ్ళీ రాసుకుందామనిపించింది.

జనానికి ముందే చెప్పాలి కదా, ఎలాగా అనుకుంటుంటే జోసెఫ్ లేచాడు. "నేను చెప్తాను," అన్నాడు. "మైకు కంపెనీది. గొంతు నాది." రికార్డు ఆపేసి, పొద్దు గూకే లోపల ఊరూరా తిరిగి సొంత గొంతుతో చెప్పి వచ్చాడు: "రేపు ఆటోలు బజారులో ఆగవు. రూలు ప్రకారం నడుస్తాయి. పనుండేవాళ్ళు మీ బండ్లు మీరేసుకు రండి."

రామసుబ్బమ్మ ఇంటికి నేనే వెళ్ళాను. సోమవారం ఆమె కట్టు రోజు. గడపలోనే నిలబడ్డాను. "నిన్నొక్కదాన్నీ దించుతాలే అవ్వా, ఒక్క కోత పడితే పడింది," అన్నాను.

ఆమె కర్రతో నేల మీద కొట్టింది. "ఎందుకు? నీ మాట పోగొట్టుకునేదానికా? నన్ను ఎక్కించుకోబాక. ఆ మిషన్ సంగతి నేనూ చూస్తాను. మావాడి ట్రాక్టరుకి ట్యాగు లేదు గదా?"

సోమవారం అంటే ఆఫీసుల్లో అర్జీలు తీసుకునే రోజు. ఎనిమిదింటికల్లా మా ఇరవై ఆరు బండ్లూ బజారులో ఉన్నాయి, ఖాళీగా. బస్టాండు దగ్గర మొదలుపెట్టి, ఆసుపత్రి దాటి, మలుపు తిరిగి మళ్ళీ బస్టాండుకి. ఎవరు చెయ్యెత్తినా ఆగలేదు. చెయ్యెత్తినవాళ్ళు కూడా నవ్వుతూనే ఎత్తారు. మొదటి రౌండు పూర్తవగానే నా ఫోను టింగుమంది: శుభాకాంక్షలు, ఐదు పాయింట్లు. రెండో రౌండుకి ఇంకో టింగు. ఖాళీ బండి నడపడం ఎంత సుఖమో అప్పుడు తెలిసింది. అంత సుఖంగా అంత పనికిమాలిన పని నేనెన్నడూ చెయ్యలేదు.

తొమ్మిది దాటాక మోటార్ సైకిళ్ళు రావడం మొదలైంది. నా బండిలో రోజూ వచ్చే టీచర్లు ముగ్గురూ మూడు స్కూటర్ల మీద వచ్చారు. పాలవాళ్ళు క్యాన్లు కట్టుకుని ఐదు బండ్ల మీద వచ్చారు. అర్జీల వాళ్ళకి లెక్కే లేదు. తమ్ముడి బండి, బావమరిది బండి, అడిగి తెచ్చుకున్న కారు, ఏది దొరికితే అది వేసుకొచ్చేశారు. వచ్చినవన్నీ ఎక్కడో ఒకచోట నిలబెట్టాలి కదా. కొట్ల ముందు, కాలవ మీద, కెమెరా స్తంభాలకి ఆనించి, ఎక్కడపడితే అక్కడ నిలబెట్టేశారు. పదింటికి రామసుబ్బమ్మ ట్రాక్టరు వచ్చింది. వెనక ట్రక్కులో నులకమంచం, మంచం మీద ఆమె, ఆమె చుట్టూ పదిమంది ఆడవాళ్ళు. ఆసుపత్రి గేటు పక్కన సగం రోడ్డుకి అడ్డంగా ఆపి, కొడుకు ఇంజను కట్టేశాడు. ఆమె తన మూడు నిమిషాలూ తీసుకుని, అంబులెన్సుకి దారి వదిలారా లేదా అని తిరిగి చూసుకుని, అప్పుడు లోపలికి వెళ్ళింది.

పదిన్నరకి బజారు బిగుసుకుపోయింది. ముందుకీ లేదు, వెనక్కీ లేదు. హారన్ల మోతలో నాలుగు బండ్ల అవతల ఇరుక్కున్న జోసెఫ్ రికార్డు మాత్రం తన పాటికి తాను పాడుతూనే ఉంది. ఆగకండి, కదలండి. నేను ఫోను చూసుకున్నాను. డెబ్బై ఒకటి. ముందు బండి ఆగి ఉన్నప్పుడు మనం ఆగితే కోత లేదు. అది వాళ్ళు రాసుకున్న రూలే.

జీపు దిగి నడుచుకుంటూ కమిటీ పెద్దమనిషి ఒకాయన వచ్చాడు. చొక్కా తడిసిపోయింది. వెనకాల చంద్రమోహన్, చేతిలో పలకంత ఫోను. పెద్దమనిషి నా బండి మీద అరచేత్తో చరిచాడు.

"ఏందమ్మా ఈ రౌడీతనం? మీ ఆటోవాళ్ళంతా కలిసి ఊరిని ఆపేసినారే! బండ్లన్నీ సీజ్ చేయిస్తాను!"

నేను దిగలేదు. సీట్లోనే కూర్చుని ఫోను ఆయన మొహం ముందు పెట్టాను. "చెయ్యించండి సార్. ఏం తప్పుకింద చేస్తారో చెప్పండి. పొద్దున్నించి ఒక్క కోత లేదు. ఎవుర్నీ ఎక్కించుకోలా, ఎవుర్నీ దించలా, యాడా ఆగలా. డెబ్బై ఒక్క పాయింట్లు. నిన్నటిదాకా నేను ఊరికి అడ్డం. ఈ రోజు మీ మిషనే నన్ను మెచ్చుకుంటా ఉండాది. శాలువా తెచ్చినారా?"

చుట్టుపక్కల బండ్ల మీదున్నవాళ్ళు ఈలలు వేశారు. ఆయన చంద్రమోహన్ వైపు తిరిగాడు. చంద్రమోహన్ ఆ పెద్ద ఫోను చూసి చెప్పాడు. "నిజమే సార్. ఇరవై ఆరు బండ్లకీ పచ్చ రంగే."

"మరి ఈ జామ్ ఎవురు చేసినారయ్యా?"

చంద్రమోహన్ ఆ ఫోను మీద బజారుని పెద్దది చేసి చూస్తున్నాడు. నేనే అడిగాను. "అబ్బయ్యా, నువ్వు ఇంటరు యాడ చదివినావు?"

"ఉదయగిరిలో అక్కా."

"మీ పల్లె నుంచి ఎట్ట పొయ్యేవాడివి?"

అతను తల వంచుకున్నాడు. "షేర్ ఆటోలోనే. వెనకాల కమ్మీ పట్టుకుని."

"ఎంతమంది ఉండేవాళ్ళు అందులో?"

"పన్నెండు. ఒక్కోరోజు పధ్నాలుగు."

"మీకోసం ఆ డ్రైవరు ప్రతి పల్లెకాడా ఆగేవాడా, లేదా? ఆగబట్టే గదా నువ్వు ఇంజనీరువయినావు! మరి నీ మిషన్‌లో ఆ పధ్నాలుగు మందీ ఏరి నాయనా? ఒక్కడన్నా కనపడ్డాడా?"

ఏడుపు కాదు, కోపమే, కానీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు. "నేను ఆగేది మనుషుల కోసం. నన్ను ఊరి బయట పెడితే ఆ మనుషులంతా ఇట్టనే బండ్లేసుకొస్తారు. బండ్లు లేనోళ్ళు రానే రారు. కాళ్ళు పోగొట్టుకుని ఇండ్లల్లో కూర్చుంటారు. బండ్లని కాదు, మనుషుల్ని లెక్కపెట్టండి. అదొక్కటే నేనడిగేది. లేదంటే రేపు గూడా రూలే పాటిస్తాం, ఎల్లుండి గూడా."

పెద్దమనిషి చుట్టూ చూసి, వెనక్కి నడిచాడు. జీపెక్కలేదు, ఎక్కినా కదిలేది కాదు. మధ్యాహ్నం రెండింటికి గాని బజారు విడిపోలేదు.

సాయంత్రం చంద్రమోహన్ ఫోను చేశాడు. కమిటీ వాళ్ళు చాలాసేపు అరుచుకున్నారట. చివరికి, నెలాఖరు దాకా లెక్క తీసి చూపించమన్నారట, ఏ బండి ఎంతమందిని దించుతుందో. లెక్క నిజమైతే ఎర్ర స్టిక్కర్లు ఉండవు. "కాకపోతే మనుషుల్ని లెక్కపెట్టేది ఆ మిషన్‌కి చేతకాదక్కా," అన్నాడు. "నేనే వచ్చి నిలబడతాను."

"నిలబడు. ఎండ ఎట్టుంటాదో నీకూ తెలస్తాది," అన్నాను. పెట్టేశాక, కొంచెం మెత్తగా మాట్లాడి ఉండాల్సింది అనుకున్నాను. కొంచెమే.

మర్నాడు పలక మీద మళ్ళీ పేర్లు పడ్డాయి. శనివారం నా పేరు రెండోది. బండి నిండింది, కదిలాను. స్కూలు దగ్గర ఆగాను, హోటలు దగ్గర ఆగాను, ఆఫీసు దగ్గర దిగాలన్నవాళ్ళు కూడా, ఆ కుర్రాడు ఎలా లెక్కపెడతాడో చూస్తామని దిగకుండా కూర్చున్నారు. స్కూలు దగ్గరా హోటలు దగ్గరా ఖాళీ అయిన సీట్లలో ఆసుపత్రికి పోయేవాళ్ళు ఎక్కారు. ఆసుపత్రి ముందు స్తంభం కింద చంద్రమోహన్ నిలబడి ఉన్నాడు. తలకి తువ్వాలు, చేతిలో మామూలు నోటు పుస్తకం, చెవి వెనక పెన్ను. నేను బండి ఆపాను. ఫోను టింగుమనలేదు, నిమిషం దాటగానే కోత పడుతుందని తెలుసు. పడనీ అనుకున్నాను.

ఒక్కొక్కరే దిగారు. దిగినవాళ్ళు దిగినట్టు అతని ముందు నుంచి కావాలని నిటారుగా నడిచి వెళ్ళారు. అతను పెదవులు కదుపుతూ లెక్కపెట్టాడు. తొమ్మిది అని రాసి, పుస్తకం మూశాడు.

"ఆగు నాయనా," అంది లోపల్నించి రామసుబ్బమ్మ. సంచి ముందుకొచ్చింది, కర్ర బయటికొచ్చింది. "మూసెయ్యబాక. నేనింకా దిగలా."

చంద్రమోహన్ పుస్తకం తెరిచాడు. మంచికాలు నేల మీద పడింది. నేను భుజం వంచాను, అతను పెన్ను చెవి వెనక పెట్టి వచ్చి రెండో చెయ్యి పట్టుకున్నాడు. వెనకాల ఒక కారు హారను కొట్టింది, మళ్ళీ కొట్టింది. ముగ్గురిలో ఎవరం తిరిగి చూడలేదు. మూడు నిమిషాలూ పట్టింది.

"పది," అన్నాడు చంద్రమోహన్, గట్టిగా, కెమెరాకి కూడా వినపడేట్టు.